నాయుడుపేట నుంచి... మళ్లీ ఎక్కడికి?

నెల్లూరు నుంచి తిరుపతికి బస్సెక్కిన ప్రతివాళ్లకూ నాయుడుపేట తెలుసు. తెలుసంటే దిగి చూసి కాదు... కిటికీలోంచే! మద్రాసు రోడ్డు మీద పరుగెత్తుకొచ్చిన బస్సు ఇక్కడికి రాగానే కుడివైపు తిరిగి శ్రీకాళహస్తి దారి పడుతుంది. తిరగకుండా నేరుగా పోతే దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ... ఆ తర్వాత తమిళనాడు. గల్ఫ్‌కు పోయేవాళ్లు, అమెరికాకు పోయేవాళ్లు ఈ దారినే చెన్నై విమానాశ్రయానికి వెళతారు.

తెల్లవారుజామున కారు డిక్కీ మూత పడక తాడుతో కట్టుకుని పోయే బండ్లు ఈ రోడ్డు మీద మామూలే. పెట్టెల్లో ఏముంటాయో ఊహించడం కష్టం కాదు. గోంగూర పచ్చడి, ఎండుమిరపకాయలు, రసం పొడి, చింతపండు, బెల్లం. ఇంకాస్త బరువుకు చోటుంటే బియ్యం కూడా కట్టే తల్లులున్నారు. నెల్లూరు సీమ అమ్మకు వేరే దేశపు బియ్యం మీద నమ్మకం ఉండదు మరి!

వెళ్లేటప్పుడు ‘నాలుగేళ్లు చేసి వచ్చేస్తాం’ అంటారు. ఆ నాలుగూ పధ్నాలుగవుతాయి. అప్పుడు వచ్చే మాట వింటేనే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. ‘ఇక ఇంటికొస్తాం’ అని కాదు... ‘ఇక్కణ్నుంచి ఇంకో దేశం చూస్తున్నాం’ అని!

ఎందుకలా? ఉన్న దేశం చాలదా? ఆశకు అంతుండదా? ఊళ్లో చాలామంది అనుకునేది ఇదే. కానీ ఒక్కసారి వాళ్ల ఇంట్లో కూర్చుని లెక్కలు వింటే సంగతి వేరేగా కనిపిస్తుంది.

ఊరు కదల్లేదు... జిల్లా మారింది

మా పెదనాన్నకు డెబ్భై ఆరేళ్లు. స్వర్ణముఖి ఒడ్డున రెండెకరాల వరిపొలం ఉంది ఆయనకు. ఆయన పుట్టినప్పుడు నాయుడుపేట మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అయింది. డెబ్భై ఏళ్ల పాటు చిరునామాలో నెల్లూరు జిల్లా అని రాసుకున్నాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక తిరుపతి జిల్లా అని రాయాల్సి వచ్చింది. ఇల్లు మాత్రం అదే. వేపచెట్టూ అదే.

“నేను మంచం మీద నుంచి లేవకుండానే మూడు రాష్ట్రాలు, రెండు జిల్లాలు తిరిగొచ్చినా. మీరేమో విమానాలెక్కి తిరగతా ఉండారు” అని నవ్వుతాడాయన.

ఆయన కొడుకు, అంటే మా అన్న, కువైట్‌లో ఉంటాడు. ఒక కంపెనీలో ఏసీ మెషిన్ల సూపర్‌వైజరు. వదిన అక్కడే ఆసుపత్రిలో నర్సు. కూతురు పదో తరగతి, కొడుకు ఆరు. ఏటా వేసవిలో నెలకు మించకుండా వస్తారు. పెట్టెల్లోంచి నిడో పాలపొడి, ట్యాంగ్, ఖర్జూరాలు, యాక్స్ ఆయిల్ సీసాలు, మెత్తటి దుప్పట్లు బయటపడతాయి. నాయుడుపేట ఎండలకు ఆ దుప్పట్లు ఎవరు కప్పుకుంటారని అడగకూడదు. అవి కప్పుకోవడానికి కాదు, బీరువాలో దాచుకోవడానికి!

పోయిన వేసవిలో వచ్చినప్పుడు వదిన చేతిలో ఒక లెక్కల పుస్తకం కనిపించింది. అందులో పేజీ నిండా గీతలు గీసి నాలుగు గడులు చేసింది. పైన కువైట్, ఐర్లాండ్, కెనడా, ఆస్ట్రేలియా అని రాసుంది. కింద జీతం, బడి, పరీక్ష, ఖర్చు, వయసు, అత్తమామలు... ఇలా వరసలు. ఒక కుటుంబం భవిష్యత్తు మొత్తం ఆ ఒక్క పేజీలో ఉంది.

కువైట్ ఎందుకు చాలదు?

కువైట్‌లో భారతీయులు దాదాపు పది లక్షల మంది. అక్కడున్న విదేశీయుల్లో అతిపెద్ద సమూహం మనదే. అందులో కడప, రాయచోటి, రాజంపేట, చిత్తూరు వైపు నుంచి వెళ్లినవాళ్లు లెక్కకు మిక్కిలి. దినారు విలువ రెండొందల యాభై రూపాయల పైమాటే. ఆ దినార్లతోనే రాయలసీమలో ఎన్నో ఇళ్లకు స్లాబులు పడ్డాయి, ఎందరో ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి. దాన్ని చిన్నబుచ్చడానికి లేదు.

కానీ కువైట్‌లో మనిషి విలువ అకామా మీదున్న అంకెను బట్టి ఉంటుంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లది ఇరవై నంబరు. కంపెనీల్లో పనిచేసేవాళ్లది పద్దెనిమిది. ఉద్యోగి మీద ఆధారపడి ఉండే భార్యాపిల్లలది ఇరవై రెండు. వంటమనిషిగానో డ్రైవరుగానో వెళ్లినవాళ్లకు భార్యాబిడ్డల్ని తెచ్చుకునే దారి దాదాపు లేదు. జీతం ఫలానా స్థాయి దాటితేనే కుటుంబానికి వీసా. 2024 జనవరిలో కుటుంబ వీసాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ జీతం 800 దినార్లు ఉండాలన్నారు. అంటే ఒకే రోడ్డు మీద నుంచి ఒకే విమానం ఎక్కిన ఇద్దరిలో ఒకరికి కుటుంబం పక్కన ఉంటుంది, ఇంకొకరికి ఫోనులో ఉంటుంది.

కుటుంబం పక్కన ఉన్నవాళ్లకు చింత లేదా అంటే... ఉంది. అక్కడ ముప్పై ఏళ్లు పనిచేసినా పౌరసత్వం రాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఉండటం. ఉద్యోగం పోతే ఇల్లు, బడి, ఆసుపత్రి కార్డు అన్నీ ఒక్కసారే పోతాయి. పిల్లలకు సీబీఎస్‌ఈ బడులున్నాయి, బాగానే చెబుతారు. పన్నెండో తరగతి అయ్యాక ఏమిటి? అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయం ప్రధానంగా ఆ దేశస్థుల కోసం. అందుకే గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లలకు పద్దెనిమిదో ఏట పెట్టె సర్దుకోవడం తప్పదు. పుట్టింది అక్కడే అయినా, ఆడుకుంది అక్కడే అయినా ‘నీది ఏ ఊరు’ అంటే ఎప్పుడూ నెల రోజులకు మించి ఉండని ఊరి పేరు చెప్పాలి.

ఎండ సంగతి సరేసరి. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఏసీలు బాగుచేసే అన్నకు మాత్రం అదే అసలైన సీజను!

“ఎండకు భయపడి కాదులే” అంటుంది వదిన. “పాపకు ఇంకో రెండేళ్లే. తర్వాత అది ఒక దేశంలో, మేమొక దేశంలో, అత్తామామా ఇంకో చోట. మూడు ముక్కలు కాకుండా ఉండే దారేదన్నా ఉందా అని చూస్తా ఉండా.”

చూశారా! ఊళ్లోవాళ్లు ఆశ అనుకునేది ఆ ఇంట్లో లెక్క.

పుట్టినరోజుకు పది మార్కులు

మరి నాలుగు గడుల్లో ఏది నెగ్గుతుంది? ఇక్కడే గడియారం వచ్చి కూర్చుంటుంది.

ఆస్ట్రేలియా నైపుణ్య వీసాకు పాయింట్ల లెక్క ఉంది. కనీసం 65 రావాలి. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే ముప్పై పాయింట్లు. 33 నుంచి 39 దాకా ఇరవై ఐదు. నలభై నిండితే పదిహేనే! నలభై ఐదు నిండితే అసలు దరఖాస్తుకే వీల్లేదు. వదినకు ముప్పై తొమ్మిది. అంటే వచ్చే పుట్టినరోజున కేకు కోసేసరికి పది పాయింట్లు పోతాయి. మన ఇళ్లల్లో పుట్టినరోజు ఇంత ఖరీదైనదని ఎవరనుకున్నారు?

పాయింట్లు వస్తే సరిపోదు. నర్సుగా పేరు నమోదు కావాలి. ఇండియాలో చదివిన నర్సులు మామూలుగా ముందు ఇంగ్లిషు పరీక్ష రాయాలి, తర్వాత ఎన్‌సీఎల్‌ఈఎక్స్ అనే పరీక్ష, ఆపైన ఆస్ట్రేలియా వెళ్లి రోగిని చూసే తీరు చేసి చూపించాలి. పదిహేనేళ్లు వార్డుల్లో రాత్రిళ్లు కాపలా కాసిన మనిషి మళ్లీ విద్యార్థి అయిపోవాలన్నమాట. ఐర్లాండ్‌లో కొన్నేళ్లు చేస్తే ఆస్ట్రేలియా దారి సులువవుతుందని తోటి నర్సులు చెబుతారు. అంటే ఒక దేశం చేరుకోవడానికి మధ్యలో ఇంకో దేశం!

కెనడా 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుపుతోంది. అక్కడా వయసే పెద్దమనిషి. ఇరవై నుంచి ఇరవై తొమ్మిది దాకా పూర్తి మార్కులు. ముప్పై నుంచి తగ్గుతూ వచ్చి నలభై ఐదుకు సున్నా. ఆ మార్కులు ఎంతుంటే పిలుస్తారన్నది ఎప్పటికప్పుడు మారుతుంది. నిరుడు చాలిన మార్కు ఈ ఏడు చాలకపోవచ్చు.

పిల్లల వయసూ ఇందులో ఉంది. ఆస్ట్రేలియాలో పద్దెనిమిది నిండిన బిడ్డ ఇంకా తల్లిదండ్రుల మీదే ఆధారపడి ఉన్నట్టు రుజువులు చూపాలి. ఇక వృద్ధులైన తల్లిదండ్రులను శాశ్వతంగా తీసుకుపోవాలంటే అక్కడ వరస ఏళ్ల తరబడి సాగుతుంది. కెనడా ‘సూపర్ వీసా’ మీద ఒక విడతలో ఐదేళ్ల దాకా ఉండొచ్చు. కానీ పెదనాన్నను మంచుకు ఒప్పించేదెవరు?

తల్లికి నలభై, కూతురికి పద్దెనిమిది, మామగారికి ఎనభై. మూడు గడియారాలు. మూడూ ఒకే గోడకు తగిలించాలి. మళ్లీ వలసపోవడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. మొదటిసారి పోయినప్పుడు ఒక్క మనిషి, ఒక్క పెట్టె. రెండోసారి పోవాలంటే ఇల్లు మొత్తం కదలాలి.

ఈ తొందరలోనే ‘మీకు పీఆర్ మా పూచీ’ అనే బోర్డులు కంటికి ఇంపుగా కనిపిస్తాయి. వీసాకు పూచీ ఇవ్వగల ఏజెంటు భూమ్మీద లేడు. కెనడా, ఆస్ట్రేలియాలకు ఎవరి దరఖాస్తు వాళ్లే సొంతంగా పెట్టుకోవచ్చు. ఏజెంటు కావాలనుకుంటే ఆ దేశాల్లో లైసెన్సు పొందినవాళ్ల జాబితాలున్నాయి. గల్ఫ్ ఉద్యోగమైతే మన ప్రభుత్వం ‘ఈ-మైగ్రేట్’లో నమోదు చేసిన ఏజెంటేనా కాదా అని చూసుకోవాలి. పెట్టె సర్దుకోవడానికి ముందు చేయాల్సిన పని ఇది.

అమెరికా వాళ్లకూ ఇదే బెంగ

కువైట్ కాబట్టి ఈ తిప్పలు, అమెరికా అయితే హాయి అనుకుంటాం. అక్కడున్న మనవాళ్లను అడిగి చూడండి!

హెచ్1బీ వీసా మామూలుగా ఆరేళ్లు. గ్రీన్‌కార్డు పని ఒక దశకు వస్తే ఆ తర్వాతా పొడిగిస్తారు. కానీ ఏడాదికి ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని నిబంధన. చిన్న దేశానికీ ఏడే, మన దేశానికీ ఏడే. దాంతో మనవాళ్ల వరస తరగని వరస అయింది. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వెళ్లిన పిల్లలకు ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి పేరు జారిపోతుంది. అమెరికా యాసలో మాట్లాడే పిల్ల సైతం అప్పుడు విదేశీ విద్యార్థి అయిపోతుంది.

అందుకే 2023 జులైలో కెనడా ‘అమెరికా హెచ్1బీ ఉన్న పదివేల మందికి మా దగ్గర పని పర్మిట్లు ఇస్తాం’ అనగానే రెండు రోజులు తిరక్కుండానే ఆ పదివేలూ నిండిపోయాయి. డాలర్లు సంపాదించేవాళ్లు కూడా మళ్లీ కదలడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి? 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఈ బెంగ మరికాస్త పెరిగింది.

రంగం పోయినవాళ్లు... కువైట్ నుంచి నడిచినవాళ్లు

ఇదంతా ఈ తరం వింతేమీ కాదు. మన తాతల కాలంలో విదేశమంటే బర్మా. రంగూన్‌ను మనవాళ్లు ‘రంగం’ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఉత్తర కోస్తా నుంచి ఓడలెక్కి వేలమంది వెళ్లారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు ఎందరో అడవుల గుండా కాలినడకన తిరిగొచ్చారు. 1960లలో అక్కడి ప్రభుత్వం మారి వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నప్పుడు మళ్లీ కొందరు కట్టుబట్టలతో వచ్చారు. విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేట ఉంది. సొంత రాష్ట్రంలోనే పరాయి దేశం పేరు పెట్టుకుని బతికారు వాళ్లు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడున్న మనవాళ్లు బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరుకున్నారు. అక్కణ్నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్షా డెబ్భై వేల మందికి పైగా ఇంటికి చేర్చింది. దాదాపు రెండు నెలలు సాగిన మహాప్రయాణమది. బ్యాంకుల్లో దాచుకున్న దినార్లు అప్పట్లో చిత్తుకాగితాలయ్యాయి. మరుసటి ఏడాది యుద్ధం ముగిసీ ముగియగానే వాళ్లలో చాలామంది మళ్లీ కువైట్ దారి పట్టారు. అప్పులు ఇక్కడే ఉన్నాయి, జీతం అక్కడుంది. ఏం చేస్తారు?

ఆ తరానికి కదలడం విధి. ఈ తరానికి కదలడం ఒక నిర్ణయం. తేడా అదే. నిర్ణయం కాబట్టే రాత్రిళ్లు నిద్ర పట్టదు. తప్పయితే తిట్టుకోవడానికి ఏ సైన్యమూ లేదు కదా!

ఊరు మాత్రం ఊరుకుందా?

వదిన గీసుకున్న నాలుగు గడుల్లో నాయుడుపేట లేదు. ఎందుకు లేదని అడిగితే అన్న వింతగా చూశాడు. “ఈడ ఏముంది?” అన్నాడు. పదిహేడేళ్ల కిందట ఊరొదిలినప్పుడు అన్న మాట అదే. ఆ మాట ఇప్పటికీ నిజమేనా?

ఒకసారి తిరిగి చూద్దాం. ఊరికి దగ్గర్లో మేనకూరు పారిశ్రామిక వాడ వచ్చింది. దక్షిణాన తడ దాటితే శ్రీసిటీ. 2008లో మొదలైన ఆ పారిశ్రామిక నగరంలో జపాన్ వాళ్ల ఇసుజు ట్రక్కులు, డైకిన్ ఏసీలు, ఫ్రాన్స్ వాళ్ల ఆల్‌స్టోమ్ మెట్రో రైలు పెట్టెలు తయారవుతున్నాయి. డైకిన్ ఏసీలు! కువైట్‌లో అన్న విప్పి బిగించే పెట్టెలు ఇప్పుడు మన గడప పక్కనే పుడుతున్నాయి.

పడమట శ్రీకాళహస్తి దాటి ఏర్పేడు పోతే తిరుపతి ఐఐటీ. 2015లో వచ్చింది. ఆ ఏడే ఐసర్ కూడా వచ్చింది. నాయుడుపేట నుంచి గంట దారిలో రెండు జాతీయ విద్యాసంస్థలు! వాటిలో సీటు తేలికని కాదు. కానీ పదిహేడేళ్ల కిందట అవి లేవు. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ‘దాసా’ పథకం కింద ఎన్‌ఐటీల్లో కొన్ని సీట్లు విడిగా ఉన్నాయి. 2021లో నీట్ పరీక్షకు కువైట్‌లోనే కేంద్రం పెట్టారు. పిల్లల చదువుకు దారి ఇండియా వైపు కూడా తెరిచే ఉంది.

ఇంకో విశేషం. అన్న ‘ఏముంది’ అన్న ఊరికి ఇప్పుడు బీహారు నుంచీ ఒడిశా నుంచీ జనం పనికొస్తున్నారు. టిఫిను సెంటరు ముందు హిందీ వినిపిస్తుంది. మనవాళ్లు కువైట్‌లో గదికి ఆరుగురు చొప్పున సర్దుకున్నట్టే, వాళ్లు ఇక్కడ గదికి ఆరుగురు సర్దుకుంటారు. ఆదివారం సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేస్తారు. ఎవరి వలస చివరి మజిలీ ఇంకెవరి మొదటి మజిలీయో!

అలాగని అంతా బాగుందనడం అబద్ధమవుతుంది. నర్సుకు అక్కడొచ్చే జీతం ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రి ఇవ్వదు. నాలుగో వంతు ఇచ్చినా గొప్పే. పెద్ద జబ్బు చేస్తే నెల్లూరో, తిరుపతో, చెన్నయో పరుగెత్తాలి. స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. 2021 నవంబరులోలాగా వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లను ముంచేస్తుంది. ఇవన్నీ కూడా లెక్కలో రాసుకోవాల్సినవే. రాసుకోమనే చెప్పేది! మిగతా దేశాలకు ఎన్ని వరసలు రాస్తామో, సొంత ఊరికీ అన్ని వరసలు రాయాలి. జ్ఞాపకం మీద ఆధారపడి కొట్టేయకూడదు... జ్ఞాపకం మీద ఆధారపడి ఎంచుకోనూకూడదు.

పక్షికి పదో తరగతి లేదు

సెలవుల్లో పిల్లల్ని నేలపట్టు తీసుకెళ్లాను. నాయుడుపేట నుంచి సూళ్లూరుపేట వైపు పోతే దొరవారిసత్రం దగ్గర ఉంటుంది. 1976లో దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చెరువు నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అక్టోబరు దాటాక వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేసరికి పోతాయి. పక్కనే పులికాట్ సరస్సులో చేపలు, ఇక్కడ గూడు. చెరువు నిండని ఏడు గూళ్లు పలచబడతాయి.

మేం వెళ్లింది వేసవి. చెరువులో నీళ్లు అడుగంటాయి. చెట్ల మీద ఖాళీ గూళ్లున్నాయి. “ఇవి కూడా ఎన్నారైలా చిన్నాన్నా?” అంది పాప. నవ్వొచ్చింది.

పక్షులతో పోల్చి చెబితే ఇంపుగానే ఉంటుంది. కానీ పక్షికి పదో తరగతి లేదు, పాయింట్లు లేవు, వెనకాల మందులు వేసుకోవాల్సిన తాత లేడు. గూడబాతు ఒక్క ప్రశ్నే వేసుకుంటుంది... నీళ్లున్నాయా? మనిషికి ప్రశ్నలు ఎక్కువ. అందుకే పుస్తకంలో గడులు గీసుకోవాలి.

తిరిగొచ్చేటప్పుడు పాప కారులోంచి బోర్డులు చదవబోయి తడబడింది. అరబిక్ అక్షరాలు గడగడా చదువుతుంది, హిందీ చదువుతుంది. తెలుగు కూడబలుక్కుంటుంది. ‘నా...యు...డు...’ అని మూడక్షరాలయ్యేసరికి కారు దాటిపోయింది. వాళ్లమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె గడుల్లో ‘భాష’ అనే వరస లేదు. అప్పటిదాకా అవసరం అనిపించలేదు కాబోలు.

ఐదో గడి

ఒక సంతకం గురించి కూడా చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా అయినా కెనడా అయినా కొన్నేళ్లకు పౌరసత్వం ఇస్తాయి. గల్ఫ్‌కూ వాటికీ ఉన్న పెద్ద తేడా అదే. కానీ మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అది తీసుకుంటే ఇది వదులుకోవాలి. బదులుగా 2006 నుంచి ఓసీఐ కార్డు ఇస్తున్నారు. దాంతో జీవితాంతం వచ్చిపోవచ్చు, ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు మాత్రం ఉండదు. వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై అయినా పొలం కొనలేడు. అయితే పెద్దల నుంచి వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు.

ఈ సంగతి చెప్పినప్పుడు అన్న చాలాసేపు మాట్లాడలేదు. కువైట్ సంపాదనతో స్వర్ణముఖి ఒడ్డున ఇంకో రెండెకరాలు కొనాలని ఆయన కోరిక. విదేశంలో ఉండగా అది కుదరదు. తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడితేనే కుదురుతుంది. ఉన్న రెండెకరాలు అమ్మి వలస ఖర్చులకు వాడదామని ఆమధ్య ఒక ఆలోచన కూడా వచ్చింది. అమ్మితే, రేపు విదేశీ పౌరుడయ్యాక మళ్లీ కొనే దారి ఉండదు.

ఆ రాత్రి డాబా మీద అందరం కూర్చున్నాం. పెదనాన్న తన మాట చెప్పాడు.

“అబ్బయా, యాడికన్నా పోండి. నాకేం పట్టింపు లేదు. మా నాయన ఈ ఊరు దాటలేదు, నేను నెల్లూరు దాటలేదు. అది గొప్పా కాదు, తక్కువా కాదు. గానీ పొయ్యే ముందు నలుగురూ కూసోని ఎవరికేం కావాలో అడగండి. బిడ్డనీ అడగండి. మా ఇద్దరి కోసం అని ఉండబాకండి. మమ్మల్ని మరిచిపోనూబాకండి. చేను మాత్రం నేనమ్మను.”

ఏ కౌన్సెలింగు కేంద్రంలోనూ ఇంతకంటే మంచి సలహా దొరకదనిపించింది నాకు.

మళ్లీ వలస వెళ్లాలనుకునే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. దుబాయ్‌లో, డాలస్‌లో, సింగపూర్‌లో ఈ ఆదివారం కూడా ఇదే లెక్క వేసుకుంటున్నవాళ్లుంటారు. వాళ్లను ‘ఇంకా ఏం కావాలి మీకు’ అని వెటకారం చేయకండి. వాళ్లు వెతుకుతున్నది ఇంకో దేశాన్ని కాదు, ఇంటిల్లిపాదికీ చోటున్న ఒక ఊరిని. అలాంటి ఊరు దొరక్కపోవచ్చు. ఎవరి వాటా ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకుని, ఒప్పుకుని వెళ్లడం మాత్రం వాళ్ల చేతుల్లో ఉంది.

అన్నావాళ్లు తిరిగి వెళ్లిన నెలకు వదిన ఫోనులో ఆ పేజీ ఫొటో పంపింది. పాప చేతిరాతతో పక్కన ఇంకో గడి గీసి ఉంది. పైన తెలుగులో, ‘యు’కు కొమ్ము కాస్త వంకరగా, ‘నాయుడుపేట’ అని. జీతం వరసలో ‘తక్కువ’. తాత వరసలో ‘పక్కనే’. పరీక్ష వరసలో ‘జేఈఈ, కష్టం’. అట్టడుగున కొత్తగా ఒక వరస చేర్చింది... ‘భాష’. దానికెదురుగా కువైట్ నుంచి ఆస్ట్రేలియా దాకా నాలుగు గడుల్లోనూ ‘వచ్చు’ అని రాసి, ఐదో గడిలో ‘నేర్చుకుంటున్నా’ అని రాసింది.

వదిన ఇంగ్లిషు పరీక్షకు ఫీజు కట్టింది. పుట్టినరోజుకు ఇంకా ఐదు నెలలుంది.